పాపికొండల లాంచీ, అలస్కా ఓడ

ఈ మధ్య మన రాజమండ్రిలో ఎవరింట కూర్చున్నా అమెరికా కబురొకటి దొర్లకుండా ఉండదు. ఇదివరకు "ఎన్నాళ్లుంటారు? ఆవకాయ పట్టికెళ్తున్నారా?" అని అడిగేవాళ్లం. ఇప్పుడు, ముఖ్యంగా పిల్లలు సియాటిల్లో ఉంటే, "అలస్కా ఓడ ఎక్కిస్తారటగా?" అంటున్నాం. మా వీధి మాస్టారూ, వారి భార్యా వచ్చే వేసవికి బయల్దేరుతున్నారు. అబ్బాయి రెండు ఓడల వివరాలు పంపించి ఏదో ఒకటి తేల్చమన్నాడట. ఒకదాంట్లో నాలుగు వేల మంది పడతారు. రెండోదాంట్లో వంద మంది కూడా ఉండరు. "పాపికొండలకి వెళ్లే ప్రతివాళ్లనీ ఆపి జాగ్రత్తలు చెబుతావుగా, మాకూ ఒక మాట చెప్పు," అన్నారు మాస్టారు.

చిన్నదే ఎక్కమన్నాను. అలా ఎందుకన్నానో మీకూ చెబుతాను. పోచమ్మగండి రేవులో నిలబడ్డ మనకీ ఇదే ప్రశ్న వస్తుంది కదండీ. రెండంతస్తులు, కింద ఏసీ హాలు, పైన మైకూ ఉన్న పెద్ద బోటు ఎక్కాలా, పాతిక ముప్ఫై మందితో వెళ్లే చిన్న లాంచీ మాట్లాడుకోవాలా అని.

పెద్ద బోటులో సుఖం ఉంది, కాదనను. టిఫిను, భోజనం అందులోనే పెడతారు. పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. పిల్లలు అటూ ఇటూ తిరగొచ్చు. కానీ కొవ్వూరు దగ్గర అవతలి ఒడ్డు సరిగ్గా ఆనని గోదారి, కొండల మధ్యకి వచ్చేసరికి ఒళ్లు దగ్గరికి తీసుకుని ఇరుగ్గా, నల్లగా, లోతుగా పారుతుంది చూడండీ, ఆ చోట కావలసింది నిశ్శబ్దం. సరిగ్గా అక్కడే పైఅంతస్తులో సినిమా పాట మోగుతుంది. మైకు పట్టుకున్న కుర్రాడు అందరినీ లేచి ఆడమంటాడు. సగం మంది కొండలకి వీపు పెట్టి ఆడుతుంటారు. సరదా పడేవాళ్లని నేను తప్పుపట్టను. కానీ అంత దూరం వచ్చి ఆ కొండల్ని వినకుండా వెళ్లిపోతున్నారే అని నాకు నిజంగా బాధ.

చిన్న లాంచీలో సంగతి వేరు. నీళ్లు చేతికందేంత దగ్గర్లో ఉంటాయి. వేసవిలో నీరు తగ్గి ఇసుక మేటలు తేలినప్పుడు ముందు భాగంలో ఒక మనిషి గెడ పట్టుకుని నిలబడతాడు. గెడ నీళ్లలోకి దించుతాడు, పైకి తీస్తాడు, తడి ఎంతవరకూ ఉందో చూసి సరంగుకి చెయ్యి ఊపుతాడు. సరంగు నోట మాట రాదు. చుక్కాని ఇంత తిప్పుతాడు, అంతే. మనం అడిగితే ఒడ్డు వారగా పోనిస్తాడు, ఇంజను కాసేపు ఆపుతాడు. అప్పుడు అవతలి ఒడ్డున వెదురు నరుకుతున్న కత్తి దెబ్బ కూడా వినిపిస్తుంది. పేరంటాలపల్లిలో శివుడి దర్శనం చేసుకుని, కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు కొనుక్కునేందుకు కూడా చిన్న బృందమైతేనే తీరిక. రెండు వందల మంది ఒక్కసారి దిగితే ఆ మెట్ల మీద తోపులాటే మిగులుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలామంది పెద్ద బోటు అయితే భద్రం అనుకుంటారు. గోదారి మీద ఆ లెక్క చెల్లదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర సుడిలో పడి మునిగింది పెద్ద బోటే. డెబ్భై మందికి పైగా ఎక్కారు. యాభై మంది దాకా పోయారు. ఆ రోజు నదిలో అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంది. కింది హాల్లో ఉన్నవాళ్లకి బయటికి దారి దొరకలేదు. చివరికి అక్టోబరు 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందం ఆ బోటుని పైకి లాగింది. లంగర్లు, ఇనుప తాళ్లు వేసి, ఎన్నిసార్లు జారిపోయినా మళ్లీ వేసి తీశారు. ఆ పని చేసినవాళ్లకి మన జిల్లాలు ఎప్పటికీ రుణపడి ఉంటాయి.

దానికి పదహారు నెలల ముందు, 2018 మే 15న, మంటూరు దగ్గర మన్యం ఊళ్ల జనం ఎక్కిన లాంచీ మునిగింది. అప్పుడు వరద లేదు. సాయంత్రం పూట గాలివాన వచ్చింది. జల్లు కొడుతోందని తలుపులూ కిటికీలూ మూసుకున్నారు. లాంచీ తిరగబడ్డాక అవి తెరుచుకోలేదు. ఈ రెండు ఘోరాలూ కలిపి చూడండి. ఒకటి విహారానికి వెళ్లిన బోటు, ఒకటి ఇంటికి వెళ్లే లాంచీ. ఒకటి వరదలో, ఒకటి ఎండాకాలంలో. రెంటిలోనూ ప్రాణాలు తీసింది మూసి ఉన్న గది. అందుకే ఏ సైజు పడవైనా సరే, బయటికి దూకడానికి వీలున్న చోటే కూర్చోమంటాను. ఏసీ చల్లదనం కోసం అద్దాల హాల్లో దూరొద్దంటాను. ఇప్పుడు పోచమ్మగండి లాంటి చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. అనుమతి ఉంటేనే బోటు కదలాలి, అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి. అది మంచి ఏర్పాటు. కానీ జాకెట్టు తాడు బిగించుకోవలసింది మనమే కదా.

ఇహ అలస్కా సంగతి. అక్కడ లెక్క కొంత మారుతుంది. అది సముద్రం. పెద్ద ఓడ అలకి తక్కువ ఊగుతుందన్న మాట నిజమే. సియాటిల్లో బయల్దేరే పెద్ద ఓడలు మామూలుగా వాంకూవర్ దీవికి పడమటి పక్కన, అంటే బయటి సముద్రం మీదుగా వెళ్తాయి. అక్కడ కడుపులో తిప్పేవాళ్లు ఉంటారు. వాంకూవర్ నగరం నుంచి బయల్దేరేవి దీవికీ గట్టుకీ మధ్య నీళ్లలో పోతాయి, కుదుపు తక్కువ. ఇక చిన్న ఓడలు చాలావరకు జూనో, సిట్కా లాంటి అలస్కా ఊళ్లలోనే మొదలై, దీవుల చాటున పాయల్లో తిరుగుతాయి. చిన్నది కాబట్టి గాభరా పెడుతుందేమో అనుకోవద్దు. అది తిరిగే నీళ్లు వేరు.

ఇంకో సంగతి మనవాళ్లకి బాగా పనికొస్తుంది. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉంది. వేరే దేశం జెండా కట్టిన ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో పరదేశం రేవేదీ తాకకుండా మళ్లీ అమెరికా రేవులో దింపకూడదు. పెద్ద ఓడలు దాదాపు అన్నీ పరదేశ జెండావే. అందుకని సియాటిల్లో ఎక్కినా దారిలో కెనడా విక్టోరియాలోనో మరోచోటో ఆగుతాయి. మన పాస్‌పోర్టు వాళ్లకి దానికి కెనడా వీసా కూడా కావాలి. అమెరికా వీసా చేతిలో ఉంది కదా అని టికెట్లు కొనేసి, ఆఖరు నిమిషంలో తెలుసుకుంటే ఆ గొడవ అంతా ఇంతా కాదు. అమెరికా జెండా కట్టి, అలస్కాలోనే మొదలై అలస్కాలోనే ముగిసే చిన్న ఓడకి ఆ బెడద లేదు. మాస్టారు ఈ మాట విని అప్పుడే అబ్బాయికి ఫోను చేశారు.

చూసేవి ఏమిటంటారా? పెద్ద ఓడ వాళ్లు కూడా మంచుకొండల్ని చూస్తారు. గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకి రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు. పార్కు రేంజర్లు ఓడెక్కి అన్నీ వివరిస్తారు. మార్జరీ హిమానీనదం ముందు ఓడ నెమ్మదిగా తిరిగి రెండు పక్కల వాళ్లకీ చూపిస్తుంది. మంచు పెళ్ల విరిగి నీళ్లలో పడితే ఆ చప్పుడు అందరికీ వినిపిస్తుంది. కాబట్టి పెద్ద ఓడ ఎక్కితే డబ్బు వృథా అని నేననను. తేడా మిగతా రోజుల్లో ఉంది. పెద్ద ఓడకి వేళలు కట్టుదిట్టం. కెచికన్, జూనో, స్కాగ్వే రేవుల్లో దింపి గంట కొట్టినట్టు ఎక్కించుకుంటుంది. జూనోకి రోడ్డు దారి లేదు, ముప్ఫై రెండు వేల జనాభా. అక్కడ జనం రద్దీ భరించలేక 2024 నుంచి రోజుకి అయిదు పెద్ద ఓడలకి మించి వద్దని కట్టడి చేసుకున్నారు. చిన్న ఓడ కెప్టెను మాత్రం తిమింగలం కనబడితే ఆపుతాడు, ఎలుగుబంటి ఒడ్డుకి వస్తే ఆ పాయలోకి తిప్పుతాడు. రబ్బరు పడవల్లో దింపి ఒడ్డుదాకా తీసుకెళ్తారు. గోదారి మీద సరంగుని బతిమాలుకుని ఇంజను ఆపించినవాళ్లకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

అయితే చిన్న ఓడ ఖరీదు ఎక్కువ. రోజుకి ఇంత అని చూస్తే పెద్దదానికి రెండింతలు దాటిపోవచ్చు. శాకాహారం ముందే చెప్పి రాయించుకోవాలి. లిఫ్టు ఉండకపోవచ్చు. ఊగే రబ్బరు పడవలోకి అడుగు వేయాలంటే మోకాళ్లు సహకరించాలి. మాస్టారి భార్యని నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. "కోటిలింగాల రేవు మెట్లు రోజూ దిగి ఎక్కుతానమ్మా," అన్నారావిడ. ఇంక ఆలోచించలేదు. మోకాళ్ల నొప్పులుంటేనో, గుండెకి మందులు వాడుతుంటేనో, ఓడలోనే ఆస్పత్రి గది ఉన్న పెద్దదే ఎక్కమనేదాన్ని. ముగ్గురు పిల్లలతో వెళ్లే జంటకీ పెద్దదే నయం.

అలస్కా ఓడలు ముఖ్యంగా మే నుంచి సెప్టెంబరు దాకా తిరుగుతాయి. మన గోదారికి అందులో సగం నెలలు వరద కాలం. ఎర్రనీరు దిగి, నది తేటపడ్డాక, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల రండి. చిన్న లాంచీ చూసుకోండి. జాకెట్టు ఇవ్వని పడవైతే, డబ్బు కట్టేసినా సరే, ఎక్కకండి.