తిరుగుదారి లేని ప్రయాణము

అబ్బాజాన్ ఏడాదిపాటు కూడబెట్టి నాకు కొత్త ల్యాప్‌టాప్ కొనియిచ్చారు. దానితో వచ్చిన విండోస్‌ను తొలగించి లినక్స్ ఒక్కదానినే నెలకొల్పాలని సంకల్పించాను. రెండింటినీ ఉంచుకొనవచ్చును, కాని చిక్కు ఎదురైన తక్షణమే పాతదానిని ఆశ్రయింతునని నన్ను నేనెరుగుదును. డిస్కులోని సమస్తమూ చెరిగిపోవునన్న హెచ్చరిక చూచి చేయి వణికినా, మీట నొక్కాను.

వైఫై పనిచేయలేదు. "పాడైపోయిందా, బేటా?" అని అబ్బాజాన్ అడిగితే తలెత్తలేకపోయాను. ఫోనును తీగతో కలిపి, తగిన డ్రైవరును వెదకి అమర్చుటకు రెండు రాత్రులు పట్టింది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ మూలరచనను ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును. నా చిక్కునకు పరిష్కారమును ముఖమెరుగని వారెవరో ముందే వ్రాసి ఉంచారు.

నేడు అబ్బాజాన్ చెప్పు ఉర్దూ ఉత్తరములను, ఈ తెలుగు వ్యాసమును వ్రాసినది ఆ యంత్రముపైననే. తిరుగుదారి మూసుకొన్నందుననే ముందుకు నడచుట నేర్చితిని.