తొందర లేని పడవ

లక్నవరం వెళ్ళొచ్చినవాళ్ళంతా వేలాడే వంతెన గురించే చెబుతారు. నాకు మాత్రం పడవే కావాలి. అదీ స్పీడ్‌బోటు కాదు. రైలు తప్పిపోతున్నట్టు నీళ్ళని చీల్చుకుంటూ పోవడానికి అంతదూరం వెళ్ళాలా?

2019 నుంచీ అది ములుగు జిల్లాలో ఉంది గానీ, మాకింకా వరంగల్లు చెరువే. సముద్రం లేని మాకు 13వ శతాబ్దంలోనే కాకతీయులు ఓ చిన్న సముద్రాన్నిచ్చారు. మూడు సన్నని లోయలకి అడ్డంగా పొట్టి కట్టలు వేసి, మిగతా పని కొండలకే వదిలేశారట. పొదుపు తెలిసినవాళ్ళు! నీళ్ళలోంచి తలలెత్తిన గుట్టలే ఈ దీవులు. వానలు వెలిశాక వెళ్ళండి. ఈ నీళ్ళు మన షికారుకి కాదు, పొలాలకి. వేసవికి మట్టం తగ్గిపోతుంది.

పడవ మెల్లగా సాగుతుంటే ఒక దీవి ఇంకోదాని చాటుకి తప్పుకుంటుంది. ఇక దారి లేదనుకున్నచోట నీళ్ళు తెరుచుకుంటాయి. అక్కడ “కాఫీ అయిందా?” అనేవాళ్ళుండరు.

మా అత్తమ్మది యాభై ఏళ్ళుగా గడియారం చూస్తూ వండిన ప్రాణం. లైఫ్‌జాకెట్టు మీంచే కొంగు సర్దుకుని కూర్చున్న మనిషి, టైమెంతని ఒక్కసారీ అడగలేదు. పడవ ఆగితే మాత్రం, “అప్పుడే ఒడ్డచ్చిందా? ఇంకోసారి తిప్పమను బిడ్డా!” అంది.

మావారు మాట్లాడకుండా మళ్ళీ పర్సు తీశారు.