గీత నాది

కొత్తవలసలో మా బడి కిటికీలోంచి చూస్తే గూడ్సు బండి కనిపిస్తుంది. బైలదిల్లా ఇనుప రాయిని విశాఖకి మోసుకుపోయే బళ్లవి. పెట్టెలు లెక్కపెట్టడం పిల్లలకి ఆట.

మూడేళ్ల కిందట బడి వార్షికోత్సవానికి బొమ్మల ప్రదర్శన పెట్టాం. కొండ మీంచి వచ్చిన కుటుంబంలోని నాలుగో తరగతి పిల్లాడు రైలు వేస్తున్నాడు. కాగితం అంచుకొచ్చినా పెట్టెలు అయిపోలేదు. పైకి తిప్పి మళ్లీ వెనక్కి గీసుకుంటూ పోయాడు. ఒక్కో పెట్టెకీ ఏదో చెప్పుకుంటున్నాడు. ఇందులో మేకలు, ఇందులో అమ్మమ్మ, ఇందులో అరకు సంతకి పోయే నాన్న. వినే తీరిక నాకు లేదు. మర్నాడు పెద్దలొస్తారు. వేరే కాగితం తీసుకుని, స్కేలు పెట్టి, ఇంజనూ నాలుగు పెట్టెలూ నేనే తిన్నగా గీసి వాడిచేత రంగు వేయించాను. బహుమతి వచ్చింది. వాడు బొమ్మని చాలాసేపు చూసి, "మా నాన్న ఏడీ మాస్టారూ?" అన్నాడు.

ఆ తర్వాత బొమ్మ వెయ్యమంటే కాగితం నా ముందు పెట్టి, "మీరే గీసియ్యండి" అనేవాడు.

నేను సవరవాణ్ణి. ఈ తప్పు నేను చెయ్యకూడదు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, పుల్లతో బొమ్మ వేసే ఆచారం మాది. ఒడిశా వైపు దాన్ని ఇడితాల్ అంటారు. గంజాం, కోరాపుట్ కొండల్లో తిరిగిన వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద వేసిన పుస్తకంలో దీని గురించి వివరంగా రాశాడు. బొమ్మ వేశాక పూజారి సోనుంని పిలిచి, నచ్చిందా అని అడుగుతాడు. ఏదైనా తక్కువైందంటే అది కలుపుతారు. ఏనుగులు, గుర్రాల పక్కన రైలూ, విమానమూ కూడా అలాగే గోడెక్కాయి. మా పెద్దలకి బొమ్మ అక్కర్లేదని కాదు, అది సోనుంకి ఇల్లు. కానీ ఎవరికోసం వేస్తున్నారో వాళ్లని అడక్కుండా "అయిపోయింది" అనరు.

నేను పిల్లాణ్ణి అడగలేదు.

ఇప్పుడు సవర బొమ్మలు గుడ్డ మీద, కాగితం మీద వేసి అమ్ముతున్నారు. మంచిదే, కూడు పెడుతోంది. కొనేవాడికి నీటుగా ఉండాలి. పిల్లాడి కాగితం అమ్మకానికి కాదు కదా. పదో తరగతి దాకా కళలు తప్పనిసరి పాఠం కావాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. మాకేమో పరీక్షలొస్తే ముందు పోయేది బొమ్మల పిరియడే. మిగిలినదాన్ని ప్రదర్శనకి వాడేస్తాం.

ఇప్పుడు నా క్లాసులో సుద్దముక్కలు, బొగ్గు, పాత పేపర్లు ఇస్తాను. పక్కన కూర్చుని "ఇంకా ఎవరు రావాలి?" అని అడుగుతాను. చెప్పింది వెనకవైపు రాస్తాను. చాలా బొమ్మలు సాయంత్రానికి చెరిగిపోతాయి. పిల్లలు బాధపడరు. మర్నాడు మళ్లీ మొదలుపెడతారు.

ఆ పిల్లాడు హైస్కూలుకి వెళ్లిపోయాడు. బహుమతి బొమ్మ ఇంకా ఆఫీసు గదిలో వేలాడుతోంది. కింద వాడి పేరుంది. గీత నాది.