రాబిన్‌హుడ్ ఊళ్లో రంగుల కత్తి

నాటింగ్‌హామ్ అనగానే ఎవరికైనా రాబిన్‌హుడ్ గుర్తుకు వస్తాడు. కోటగోడ దాపున 1952లో నిలబెట్టిన అతని కంచువిగ్రహం విల్లెక్కుపెట్టి ఉంటుంది. పక్కన నిలబడి ఫోటోలు తీయించుకునేవారికి లోటులేదు. కాని మా నాన్నగారి తరానికి ఆ ఊరి సరుకు మరొకటి తెలుసు: ర్యాలీ సైకిలు. ఆ సైకిళ్ల కార్ఖానా ఊరికి పడమరగా, లెంటన్ పేట వైపు ఉండేది. 2002లో అక్కడ తయారీ ఆగిపోయింది. కార్ఖానా స్థలంలో కొంతభాగాన అంతకుముందే, 1999లో, విశ్వవిద్యాలయం వారు భవనాలు కట్టుకుని చెరువు తవ్వుకున్నారు. బాతులు ఈదుతున్నాయి.

2023 వేసవిలో మా అక్కయ్య ఇంట్లో మూడు వారాలు ఉన్నాను. బావగారు ఆసుపత్రిలో డాక్టరు. వెళ్లిన రెండోనాడే నన్ను పెరట్లోకి పిలిచి, “నువ్వు మేష్టరువి కదుటోయ్, నీ మాటైతే వింటాడు. వచ్చే ఏడు పెద్ద పరీక్షలు. వాడి బొమ్మల పెట్టె అటకెక్కించే ఉపాయం చూడు” అన్నారు. వాడంటే మా మేనల్లుడు, పదిహేనేళ్లవాడు. బొటనవేలంత సైనికుల బొమ్మలు కొని, ముక్కలు అతికించి, రంగులు వేస్తూ కూర్చుంటాడు. శనాదివారాలు దానికే చెల్లు.

తీర్పు చెప్పేముందు సాక్ష్యం చూడాలి కదా. “ఆ బొమ్మలు పుట్టేచోటు చూపించరా” అన్నాను. వాడి ముఖం వెలిగింది. మర్నాడే ట్రాము ఎక్కాం.

ఆ చోటు కూడా లెంటన్‌లోనే ఉంది. గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1975లో లండనులో మొదలై, తరువాత నాటింగ్‌హామ్ చేరింది. వార్‌హామర్ అనే ఆట వారిది, 1983లో వచ్చింది. గుమ్మం ముందు కవచం తొడిగిన భారీ సైనికుడి విగ్రహం కాపలా కాస్తున్నది. లోపల ఆటశాల, కాఫీ హోటలు, ప్రదర్శనశాల. అద్దాల వెనుక శిథిల నగరాలు, కొండలు, వాటి మీద బారులు తీరిన వేలాది బొమ్మలు. మన దసరా బొమ్మలకొలువు యుద్ధభూమికి వలసపోయినట్టుంది. ఆటశాలలో బల్లల చుట్టూ తలనెరిసిన పెద్దమనుషులు టేపులు పెట్టి సైన్యాల దూరం కొలుచుకుంటున్నారు. ఇది పిల్లల వ్యవహారం కాదని అక్కడే తేలిపోయింది.

పూర్వం ఈ బొమ్మలు సీసం కలిసిన లోహంతో పోసేవారు. ఇప్పుడు చాలామటుకు ప్లాస్టిక్కే. జీతానికి రంగులు వేసే బృందం ఒకటి కంపెనీలో ఉంది. దాని పేరు ‘ఎవీ మెటల్’. ‘హెవీ’లోని హకారం ఎగరగొట్టి పలకడం ఇంగ్లండులో మామూలు జనం ఉచ్చారణ. తెలుగు మేష్టరుకు ఇటువంటివి వెంటనే చెవిన పడతాయి.

ఒక అద్దం దగ్గర మావాడు ఆగిపోయాడు. లోపల ఒక యోధుడి చేతిలో ఎర్రటి కత్తి. ఎరుపు పైన పూసినట్టు లేదు, లోపలినుంచి వస్తున్నట్టుంది. “మామయ్యా, ఇది మామూలు ఎరుపు కాదు, కింద వెండి ఉంది” అన్నాడు.

తరువాత వాడు చెప్పినదంతా ఇంటికి వచ్చాక చేసి చూపించాడు కూడా. మామూలు రంగు వెలుగును పైనే ఆపి తిప్పికొడుతుంది. ఈ రంగు అట్లా కాదు. గాజులాగా అవతల ఉన్నది కనిపించనిస్తుంది. ముందు బొమ్మకు నల్లపూత. అది ఆరాక వెండిరంగు. ఆ వెండిరంగులో కంటికి ఆనని లోహపు రేకులు పరుచుకుని ఉంటాయి. పైన పారదర్శకమైన ఎరుపు. వెలుగు ఎరుపుగుండా లోపలికి పోయి, రేకుల మీద పడి, మళ్లీ ఎరుపుగుండానే బయటికి వస్తుంది. రెండుసార్లు వడబోత అన్నమాట. అందుకే అంత నిగారింపు.

మా అక్కయ్య ఇదంతా విని, “ఓస్, తగడే కదురా!” అన్నది. నిజమే. కంసాలి కెంపు పొదిగేటప్పుడు రాయి కింద తగడు వేయడం మన ఇళ్లలో ఎరుగనివారెవరు? ఆ కమ్మలతో తలంటి పోసుకుంటే నీరు దిగి తగడు నల్లబడుతుంది, రాయి కళ తప్పుతుంది. రాయి రాయే, చెడింది కింద ఉన్నది. మావాడు ఆ మాటకు కుంచె దించి వాళ్లమ్మ చెవులకేసి చూశాడు. తను చేసే పని ఒకటి తన ఇంట్లోనే ఉందని వాడికి అప్పటిదాకా తెలియదు.

పనిలో మెళకువలు చాలా ఉన్నాయి. వెండి మీద వేసిన ఎరుపు చల్లగా, రత్నంలా ఉంటుంది. బంగారురంగు మీద వేస్తే నిప్పుకణిక. నీలం మాత్రం బంగారం మీద వేస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది. పూత పలుచగా ఉండాలి. ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది; సగం ఆరినదాని మీద కుంచె తగిలిందా, చారలు. పల్లాల్లో రంగు కాస్త నిలిస్తే లోతు వచ్చి అందమే, చదునుమీద నిలిస్తే మరక. చివర మెరుపులేని వార్నిషు వేస్తే చేసిన శ్రమంతా మసకబారుతుంది. వాడి దగ్గర జపాను తమియా వారి ఎర్రసీసా ఒకటి, గేమ్స్ వర్క్‌షాప్ వారి ‘స్పిరిట్‌స్టోన్ రెడ్’ ఒకటి ఉన్నాయి. ఏది ఎక్కడికి పనికివస్తుందో వాడు తూచి చెబుతూంటే, వీడికి ఏకాగ్రత లేదని రిపోర్టు వ్రాసిన బడి మేష్టరు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

మరో సంగతి. ఈ విద్య లెంటన్‌కు కొత్తదేమీ కాదు. మెరిసే వెండి పూత మీద రంగు లక్క వేసి సైకిళ్లను నిగనిగలాడించడం ఇంగ్లీషు సైకిళ్లవారికి మామూలే. దానికి ‘ఫ్లాంబాయంట్’ అని పేరు. ఎండకు ఆ రంగులు త్వరగా వెలిసేవి, ఎరుపు మరీను. పాత కార్ఖానా చెరువు గట్టున ఈ ముక్క చెబితే, మావాడు తన కత్తిని కిటికీ దగ్గర పెట్టకూడదని అప్పటికప్పుడు నిశ్చయించుకున్నాడు.

బావగారికి నా తీర్పు చెప్పాను: పెట్టె అటకెక్కించవద్దు, కాని వారానికి ఒక్క శనివారం మధ్యాహ్నమే దానికి. “పరీక్ష తప్పితే?” అన్నారు. “పూత ఆరేదాకా ఆగగలిగినవాడు లెక్కల పుస్తకం ముందు కూడా కూర్చోగలడు, కూర్చోకపోతే అప్పుడే అటకెక్కించండి” అన్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. మావాడు మాత్రం షరతుకు ఒప్పుకుని, కాగితం మీద వ్రాసి గోడకు అంటించాడు.

ఆ రాత్రి కత్తికి మూడో పూత పడింది. దుమ్ము పడకుండా బొమ్మ మీద స్టీలు గ్లాసు బోర్లించాడు. పొద్దున్నే డ్యూటీకి బయలుదేరుతూ బావగారు కాఫీకి తన గ్లాసేదని ఇల్లంతా వెతికారు. బల్లమీద కనిపించింది. ఎత్తి చూసి, కళ్లజోడు సవరించుకుని కాసేపు నిలబడి, మళ్లీ ఎట్లా ఉన్నది అట్లా బోర్లించి, కాఫీ వేరే కప్పులో త్రాగి వెళ్లారు.