మైసూరు బండికి జమ్మలమడుగు క్యారియర్

పాత బండి బాగుచేస్తున్నా అని చెబితే జనం రెండే మాటలు అడుగుతారు. మొదటిది, మైలేజీ ఎంత? రెండోది, ఒరిజినల్‌గా చేస్తావా, మాడిఫై చేస్తావా? మొదటిదానికి జవాబు చెప్పి లాభం లేదు, నవ్వుతారు. రెండోదానికి జవాబు దొరకడానికి నాకు 14 నెలలు పట్టింది. ఏ నట్టుకి ఏ పానా వాడాలో కూడా తెలియకుండా ఈ పనిలో దిగినోడిని. నాలాగే ఇంట్లో తుప్పు పట్టిన బండి పెట్టుకొని ఆలోచిస్తున్న దోస్తుల కోసం ఇది రాస్తున్నా.

బండి 1982 నాటి యెజ్డీ 250. మర్హూమ్ అబ్బా దాన్ని 1989లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆయనది బట్టల వ్యాపారం. దుకాణం లేదు, బండే దుకాణం. ప్రొద్దుటూరులో హోల్‌సేల్‌గా చీరలు, లుంగీలు, టవళ్లు, రంజాన్ నెల దగ్గరపడితే బురఖా గుడ్డ తెచ్చి, జమ్మలమడుగు చుట్టూ పల్లెల్లో ఉధార్ మీద అమ్మేవాడు. పంట చేతికొచ్చినాక వసూలు. కొండాపురం వైపు ఒకరోజు, మైలవరం వైపు ఒకరోజు, ఆఖరున గండికోట. ఆ మూటల కోసం జమ్మలమడుగులోనే ఒక వెల్డింగ్ షాపులో ఇనుప పట్టీలు, రాడ్లతో వెనకాల పెద్ద క్యారియర్ చేయించాడు. మైసూరు కార్ఖానా నుంచి దిగిన బండికి అది లేదు. నా జవాబంతా ఆ క్యారియర్ చుట్టే తిరిగింది.

మైసూరు అని ఎందుకన్నానో కొత్త పిల్లలకు చెప్పాలి. ఇరానీలనే పార్సీ కుటుంబం 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టింది. చెకోస్లొవేకియా జావా బండ్లను ఇక్కడ తయారుచేసి అమ్మింది. 1970ల్లో అవే బండ్లు యెజ్డీ పేరుతో వచ్చాయి. ఇరాన్‌లో యజ్ద్ అనే షహర్ ఉంది, ఆ పేరు అక్కడిది. ఒకే సిలిండర్, రెండు సైలెన్సర్లు. గేరు రాడ్డే కిక్కు రాడ్డు: లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, కొట్టినాక కిందికి దించితే మళ్లీ గేరు. వెనక చైను మొత్తం ఇనుప డబ్బాలో మూసి ఉంటుంది కాబట్టి మా నాపరాయి గనుల దుమ్ము దాన్ని ముట్టదు. 1996లో ఆ కార్ఖానా మూతపడింది. టూ స్ట్రోక్ ఇంజన్లో కొంత పెట్రోలు కాలకుండానే పొగతో కలిసి బయటికి పోతుంది, ఆయిలు కూడా కాలుతుంది. 1996లో, మళ్లీ 2000లో పొగ నియమాలు బిగించేసరికి అలాంటి బండ్లకు దారి మూసుకుపోయింది. అది సరైన పనే. నా బండి వారానికొకసారి తిరిగితే చాలు, రోజూ తిరగాలని నేను కోరను.

అబ్బా 2013లో అల్లాకు ప్యారా అయ్యాడు. తొమ్మిదేళ్లు బండి వరండాలో గోనెపట్టా కింద ఉంది. 2022లో బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి చూసి, ఉన్నది ఉన్నట్టుగా 80,000 ఇస్తానన్నాడు. క్యారియర్ మాత్రం కోసి పక్కన పెట్టండి, అది చెత్త అన్నాడు. భాయ్ అమ్మేద్దామన్నాడు. తప్పు పట్టలేను, కొడుకు ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సిన నెల అది. అమ్మీ ఒకటే మాట చెప్పింది: "చలాయిస్తే పెట్టుకో, లేకుంటే అమ్మెయ్. తుప్పు పట్టించి యాద్‌గార్ అని చెప్పొద్దు."

బండి నా ఒక్కడిది కాదు, విరాసత్. మౌల్వీ సాబ్‌ను అడిగితే లెక్క కట్టి ఇచ్చాడు. అమ్మీకి ఎనిమిదో వంతు, పదివేలు. మిగిలిన 70,000 ఐదు భాగాలు చేస్తే మగపిల్లలకు రెండేసి, ఆడపిల్లకు ఒకటి: భాయ్‌కి 28,000, నాకు 28,000, ఆపాకు 14,000. అంటే బండి ఉంచుకోవాలంటే నేను వాళ్లకు 52,000 బాకీ. అమ్మీ తన పదివేలు బండికే పెట్టమంది. భాయ్‌కి నెలనెలా కిస్తీ ఒప్పుకున్నా. ఆపా తన హిస్సా మాఫ్ చేసి, ఒక షరతు పెట్టింది: "బాగైనాక నన్ను ఎనక కూర్చోబెట్టుకొని గండికోటకు తీసకపో. అబ్బా మిమ్మల్నే తీసకపోయేవాడు, నన్ను ఎప్పుడూ ఎక్కించుకోలేదు."

ఆ షరతు పట్టుకొని ఉస్తాద్ దగ్గరికి పోయినా. ఆయనకు డెబ్బై దాటింది. జావా, యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 బండ్ల మీదే జిందగీ గడిపినాడు. ఆయన కొడుకులు ఇద్దరూ సెల్‌ఫోన్ల పనిలో ఉన్నారు. నలభై దాటిన షాగిర్ద్‌ను చూసి నవ్వి, మొదటి రోజు పానా చేతికివ్వలేదు. "పైలే సమఝ్ బేటా, బాద్‌మే ఖోల్" అన్నాడు. ముందు అర్థం చేసుకో, తర్వాత విప్పు.

అర్థమైంది ఇది. ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు వాల్వులుంటాయి, వాటిని తెరిచే క్యామ్ ఉంటుంది. దీనికి అవేమీ లేవు. పిస్టన్ పైకీ కిందికీ పోతూ సిలిండర్ గోడలో ఉన్న కంతలను తానే మూస్తుంది, తానే తెరుస్తుంది. గాలి, పెట్రోలు ముందు క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడ ఒత్తిడికి లోనై, తర్వాత పిస్టన్ పైకి పోతాయి. ఆ గదిలో వేరే ఆయిలు ఉండదు కాబట్టి పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. కొత్త పిస్టన్ కుదురుకునేదాకా లీటరుకు 40 మిల్లీలీటర్లు పొయ్యమన్నాడు ఉస్తాద్. క్రాంకు గదికి రెండు పక్కలా రబ్బరు సీళ్లుంటాయి. తొమ్మిదేళ్లు కదలకుండా ఉంటే అవి గట్టిపడి పగులుతాయి. పగిలితే బయటి గాలి దూరి, పెట్రోలు పాలు తగ్గి, ఇంజను కాగిపోతుంది. నిలిపిన బండికి ఇంజను బయటినుంచి ఎంత మెరిసినా, ముందు సీళ్లు మార్చాల్సింది ఇందుకే.

విప్పినాక తెలిసింది, బోరు అరిగిపోయింది, కనెక్టింగ్ రాడ్డు ఆడుతోంది. ప్రొద్దుటూరులో లేతు మిషన్ దగ్గర క్రాంకును ప్రెస్సు మీద విడదీసి కొత్త రాడ్డు వేయించాం. బోరు కోయించి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ తెచ్చాం. అసలు కష్టం రింగుల దగ్గర వచ్చింది. ఒక స్పేర్ల దుకాణంలో నాకిచ్చిన డబ్బా చూడడానికి కంపెనీదే. ఉస్తాద్ రింగును పిస్టన్‌కి ఎక్కించకుండా, ఒంటిగా బోరులోకి దించి, దాని రెండు కొనల మధ్య సందులో గేజి పెట్టి చూడమన్నాడు. సందు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. నకిలీ. ఆ ఒక్క పరీక్షకు రెండు నిమిషాలు పట్టింది. చెయ్యకపోయుంటే కొత్త బోరు పోయేది. అసలైన రింగులు దొరకడానికి మూడు నెలలు సబర్ చేశాం.

ఆ మూడు నెలల్లోనే ఒరిజినలా, మాడిఫైయా అన్న బహస్ ఇంట్లో మొదలైంది. భాయ్ కొడుకు ఫోన్లో ఫొటోలు చూపించేవాడు. వెనక చట్రం కోసేసి, సీటు పొట్టిగా చేసి, హ్యాండిల్ కిందికి దించి, కేఫ్ రేసర్ అంట. చూడ్డానికి బాగానే ఉంది. కానీ బండి చట్రాన్ని ఇష్టమొచ్చినట్టు కోయడానికి లేదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పైగా కోసిన చట్రాన్ని తిరిగి అతికిస్తే పాత బలం ఉంటుందని ఎవరు జమానత్ ఇస్తారు?

పెయింటింగ్ చేసే అబ్బాయి వాదన ఇంకోటి. "క్యారియర్ కోసేయన్నా, షోరూం బండి మాదిరి అయితాది." బెంగళూరు ఆయన కూడా అదే అన్నాడు. ఒకడు బండిని రేపటిలోకి లాగుతున్నాడు, ఇద్దరు 1982లోకి లాగుతున్నారు. ముగ్గురి దారిలోనూ అడ్డొచ్చేది అదే క్యారియర్.

ఒరిజినల్ అన్నదానికి మనం తెలుగులో వాడే 'అసలు' మన ఉర్దూ 'అసల్', అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ దానికి వేరు అని కూడా అర్థం. చెట్టు వేరు. అప్పుడు నాకు ఖయాల్ వచ్చింది, ఈ బండి వేరు ఎక్కడుంది? మైసూరు కార్ఖానాలో అది ఉన్నది కొన్ని రోజులు. జమ్మలమడుగు పల్లెల్లో తిరిగింది 22 ఏళ్లు. క్యారియర్ రాడ్డు మీద ఎడమ పక్క తాడు రాసుకొని రాసుకొని ఇనుము వేలి మందం పల్లం పడింది. నా చదువు, ఆపా నికా, భాయ్ మొదటి దుకాణం అద్దె, అన్నీ ఆ తాడుకు కట్టిన మూటలోంచే వచ్చాయి. దాన్ని కోసేసి, మైసూరు నుంచి నిన్న దిగినట్టు రంగేసి చూపిస్తే, అది నకల్ అవుతుంది గానీ అసల్ ఎట్లా అవుతుంది? అబ్బా చేయించింది కూడా మాడిఫికేషనే కదా. ఆ పదం ఆయనకు తెలియదు, అవసరం తెలుసు.

అందుకని కాపీ పుస్తకంలో గీత గీసి రెండు ఖానాలు చేశా. ఒకవైపు, మళ్లీ వెనక్కి తిప్పగలిగే మార్పులు. ఇంకోవైపు, తిప్పలేనివి. బండి నా దగ్గర అమానత్ అయితే రెండో ఖానాలో ఏదీ చెయ్యకూడదు, నా తర్వాత వచ్చేవాడికి ఆ హక్కు మిగలాలి. మొదటి ఖానాలో మాత్రం ధైర్యంగా చేశా. 6 వోల్టుల కరెంటు తీసి 12 వోల్టులకు మార్చాం, రాత్రిపూట ఘాట్ మీద లైటు కనబడాలి కదా. తీసిన పాత సామాన్ అంతా నూనె రాసి, గుడ్డలో చుట్టి, పేరు రాసి పెట్టె కట్టా. ఆపా మోకాళ్ల నొప్పులకు సీటులో మెత్తటి ఫోము, కాళ్లు పెట్టుకోవడానికి వెడల్పు పట్టీ. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాత్రం పెట్టలేదు. పాయింట్లు అరిగితే ఎమిరీ పేపర్‌తో రుద్ది, 0.4 మిల్లీమీటరు సందు పెట్టుకుంటే ఏ పల్లెలోనైనా బండి లేస్తుంది. ఆ డబ్బా కాలితే రోడ్డు మీద మనం చెయ్యగలిగేది ఏమీ లేదు. క్యారియర్‌కు తుప్పు గీకి, నల్ల రంగు వేశాం. తాడు పల్లం ఉన్నచోట రంగు వెయ్యనివ్వలేదు, గ్రీజు రాస్తున్నా.

మొన్న డిసెంబర్లో, ఫజర్ నమాజ్ చదివినాక, ఆపాను ఎక్కించుకొని బయల్దేరా. జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. కొత్త పిస్టన్ కాబట్టి 40 దాటనివ్వలేదు. ఎర్రమల కొండ ఎక్కేచోట రెండో గేరులో, మధ్యలో ఒకసారి ఆపి ఇంజను చల్లారనిచ్చాం. ఆపా ఏం మాట్లాడలేదు, క్యారియర్ రాడ్డు పట్టుకొని కూర్చుంది.

కోటలో జామియా మస్జిద్ ముందు బండి ఆపాం. 1650 ప్రాంతంలో గోల్కొండ వజీర్ మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకుల నుంచి గెలిచాడు. ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే 1652లో ఇక్కడికే వచ్చి అతన్ని కలిశాడు. ఒక ఫ్రెంచివాడితో ఇక్కడ ఫిరంగులు పోత పోయించాలని మీర్ జుమ్లా చూశాడనీ, ఒక్కటీ సరిగ్గా రాలేదనీ రాశాడు. వజీర్ హుకుం వేసినా లోహం దానికి తెలిసిన చెయ్యికే లొంగుతుంది. ఉస్తాద్‌కు ఈ కిస్సా చెబితే బాగా నచ్చింది.

పెన్న లోయ అంచున ఆపా పడమటి దిక్కు చూసి అడిగింది, "అబ్బా తిరిగిన ఊర్లు యాడున్నాయి?" కొండాపురం వైపు ఊర్లు చాలావరకు గండికోట రిజర్వాయర్ కింద ఉన్నాయి. తాళ్లప్రొద్దుటూరు 2020లో ఖాళీ అయింది. అబ్బా ఖాతా పుస్తకంలో ఉన్న పేర్లలో సగం మంది ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. వాళ్ల ఇళ్లకు బండి మీద పోవడానికి పాత దారే లేదు.

తిరిగి వచ్చేటప్పుడు కోటలోపలి ఊర్లో టీ తాగుదామని ఆగాం. కొత్త రంగు టాంకు చూసి టూరిస్టు పిల్లలు ఫొటోలు దిగారు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చింది. టాంకు చూడలేదు, ఇంజను చూడలేదు. నేరుగా వెనక్కి పోయి క్యారియర్ మీద చెయ్యేసి, "మూట యాడ నాయనా?" అని అడిగింది.

జవాబు ఆపా ఇచ్చింది. కూతురినని చెప్పి, ఆమె పక్కన అరుగు మీద కూర్చుంది. అరగంట ఇద్దరూ చీరల సంగతి మాట్లాడుకున్నారు. నేను ప్లగ్గు విప్పి రంగు చూశా. ఇటుక రంగు, ఉస్తాద్ కోరిన రంగు.

భాయ్ కిస్తీలు ఇంకా నాలుగు ఉన్నాయి. వాడి కొడుకు సెలవుల్లో వచ్చినప్పుడు ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్తున్నా. ఉస్తాద్‌కు ఇప్పుడు గేజి మీద అంకెలు కనబడడం లేదు. పిల్లోడు చదివి చెబుతుంటే, ఆయన వేళ్లతో పాయింట్లు సరిచేస్తాడు. మీ ఇంట్లో కూడా అలాంటి బండి ఉంటే, ఎమిరీ పేపర్ కొనకముందే ఒక పని చెయ్యండి. ఇంట్లో పెద్దోళ్లను దాని పక్కన కూర్చోబెట్టి, ఏ సొట్ట ఎప్పుడు పడిందో, ఏ రాడ్డు ఎందుకు పెట్టారో అడిగి రాసుకోండి. తర్వాత సీళ్లు మార్చండి. రింగు మాత్రం బోరులో పెట్టి చూసుకోకుండా ఎక్కించకండి.