అడ్డాకుకి ఆ యాప్‌లో పేరు లేదు

పోస్టు పెద్దదే. మెస్ లైన్లో నిలబడ్డప్పుడు చదువుకోండి, బోరు కొట్టదు.

మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగేడు, "మా ఊళ్ళో కొండచీపుర్లు కడతారు, ఆన్‌లైన్లో ఎలా అమ్మాలి?" అని. కింద అందరూ రీల్స్ చెయ్యి, రీల్స్ చెయ్యి అని రాసేరు. నేను చేసింది వేరే. పింటరెస్ట్‌లో పెట్టేను. ఎంత వచ్చింది, ఎక్కడ దెబ్బ తిన్నాను, రెండూ చెప్తాను.

మాది టైడా. అరకు రైలెక్కిన వాళ్ళకి తెలుసు, శివలింగపురం దాటేక, బొర్రా గుహలు రాకముందు వచ్చే చిన్న స్టేషను. ఇనుపరాయి గూడ్సు బళ్ళు రాత్రీ పగలూ పోతుంటాయి. 2017 నుంచి టూరిస్టుల కోసం రైలుకి అద్దాల పెట్టె తగిలించేరు. అందులోంచి మా కొండల్ని ఫోటోలు తీస్తారు. ఆ కొండ మీద అడ్డతీగ దగ్గర ఆకు కోస్తున్న మనిషి మా అమ్మ అని వాళ్ళకేం తెలుసు!

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. విశాఖలో హాస్టల్, డిగ్రీ రెండో సంవత్సరం. అమ్మ అడ్డాకు తెచ్చి, ఎండబెట్టి, సన్నగా చీరిన వెదురు పుల్లలతో విస్తళ్ళు కుడుతుంది. నాకూ వచ్చు గానీ అమ్మంత బేగి రాదు. కట్టలు కట్టి సంతలో షావుకారుకి వేస్తే ఒక్కో విస్తరికి రూపాయి కూడా పడదు. ఆ రూపాయి లోపలే ఆకు కోసిన రోజూ, ఆరబెట్టిన రోజూ, కుట్టిన రోజూ ఉన్నాయి.

నా రూమ్మేట్ గోరింటాకు డిజైన్ల కోసం పింటరెస్ట్ చూసేది. ఒకరోజు అందులో కెమెరా గుర్తు నొక్కి తన చెవి జూకాని ఫోటో తీసింది. వెంటనే అలాంటి జూకాలే వరసగా వచ్చేయి. ఒక్క ముక్క కూడా టైపు చెయ్యలేదు. నా పెట్టెలో అమ్మ కందులు కట్టిచ్చిన విస్తరి ఉంది. "దీన్ని తియ్యి" అన్నాను.

వచ్చేయండీ! పాలరాయి బల్ల మీద మన విస్తరి. పక్కన కొవ్వొత్తులు, పువ్వులు. ఒక్కోటి పది రూపాయల పైనే. కింద పేర్లు చూస్తే సియాలి ఆకు ప్లేటు అని, పత్తల్ అని. ఒడిశాలో మన అడ్డాకునే సియాలి అంటారు, ఛత్తీస్‌గఢ్ వైపు మాహుల్ అంటారు. అదే తీగ, రెండు చెక్కలుగా ఒంటె కాలిముద్రలా ఉండే అదే ఆకు. శాస్త్రం పేరు బౌహీనియా వాహ్లీ. ఎంత కిందకి జరిపినా 'అడ్డాకు' అన్న మాట మాత్రం లేదు. సరేలే అని ఇంగ్లీషు అక్షరాల్లో అడ్డా అని కొట్టేను. టీ కొట్లు వచ్చేయి, కుర్రాళ్ళు కూర్చునే అడ్డాలు! ఇద్దరం పడీ పడీ నవ్వేం. తర్వాత నాకు నవ్వు రాలేదు. అన్నవరం ప్రసాదం కట్టిచ్చే ఆకు, మన పెళ్ళిళ్ళలో చావుల్లో పంక్తి పరిచే ఆకు, పేరు పెట్టి వెతికితే దొరకట్లేదు. పేరుంటేనే కదా కొనేవాడు మన దాకా వచ్చేది.

ఈ పింటరెస్ట్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తాను. 2010లో మొదలైంది. కెమెరాతో వెతికే పద్ధతి 2017లో పెట్టేరు. మనం పెట్టే ఫోటోని పిన్ను అంటారు, పిన్నుల్ని గుచ్చే పలకని బోర్డు అంటారు. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది. పిన్ను పోదు. ఈరోజు పెట్టింది ఆరునెలల తర్వాత ఎవరో గృహప్రవేశానికి ప్లేట్లు వెతికితే వాళ్ళకి కనపడొచ్చు. ఫాలోవర్లు లేకపోయినా పర్లేదు. అది మొదట బొమ్మని చూస్తుంది, ఆకారం, రంగు, అంచు. తర్వాత మనం రాసిన పేరూ, వివరమూ చూస్తుంది. బిజినెస్ ఖాతా ఉచితం. ఎంతమందికి కనపడింది, ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది లింకు నొక్కేరు, అన్నీ చూపిస్తుంది. మాకు వెబ్‌సైటు ఎక్కడిది? ఇన్‌స్టా పేజీ ఒకటి తెరిచి దాని లింకు పెట్టేను.

మొదటి పిన్ను హాస్టల్ గదిలో తీసేను. ట్యూబులైటు కింద, పువ్వుల దుప్పటి మీద విస్తరి. 'ఇలాంటివి' అని దాని కింద వచ్చినవన్నీ దుప్పట్లు! దానికి విస్తరి కనపడలేదు, దుప్పటి పువ్వులే కనపడ్డాయి. నాలుగు పిన్నులు అలాగే పోయేయి.

దసరా సెలవులకి ఇంటికెళ్ళి మళ్ళీ తీసేను. పొద్దున్న ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, ఎర్రమట్టి అలికిన అరుగు మీద, ఫోను నిలువుగా పట్టుకుని. ఒకదాంట్లో వట్టి విస్తరి, కుట్టు కనపడేలా దగ్గరగా. ఒకదాంట్లో అన్నం, పప్పు, వెదురుకొమ్ముల కూర వడ్డించి. ఒకదాంట్లో అమ్మ చేతులు, పుల్ల గుచ్చుతూ.

ముఖం కూడా తీద్దామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "మొకం ఎట్టకు. సేతులు సాలు" అంది. ఎందుకో నాకు తెలుసు. కొన్నేళ్ళ కిందట ఎవరో టూరిస్టు మా మామ్మని ఫోటో తీసుకెళ్ళేడు. తర్వాత అది ఏదో పేజీలో వచ్చింది, 'నాగరికత ఎరగని మనుషులు' అని రాసి. మామ్మ అప్పటికే పోయింది. ఊళ్ళో కుర్రాడు ఫోన్లో చూపిస్తే అయ్య చాలాసేపు చూసి ఫోను తిరిగిచ్చేసేడు, ఏం మాట్లాడలేదు. బొమ్మతో వెతికే చోట మనిషి ముఖం కూడా ఒక డిజైనే అయిపోతుంది, ఎవడి బోర్డుకైనా గుచ్చేస్తారు. అందుకే మీరు కూడా ఇంట్లోవాళ్ళ ముఖాలు పెట్టేముందు అడగండి. పిల్లలవి అసలు వద్దు.

ఇక పేరు దగ్గర రెండ్రోజులు ఆలోచించేను. వట్టి సియాలి అని రాస్తే కొనేవాళ్ళకి దొరుకుతుంది, మన పేరు పోతుంది. వట్టి అడ్డాకు అని రాస్తే పేరు ఉంటుంది, ఎవడికీ దొరకదు. చివరికి అడ్డాకు విస్తరి అని ముందు, సియాలి, పత్తల్ అని తర్వాత, చేత్తో కుట్టింది, టైడా, తూర్పు కనుమలు అని చివర. ప్రతి పిన్నుకీ అదే వరస. వివరంలో సైజు, ఎన్నింటి కట్ట, వేడి కూర వేస్తే ఎంతసేపు ఆగుతుంది, ఇవి రాసేను. 'ట్రైబల్ స్టైల్' లాంటి మాటలు రాస్తే ఇంకా చూస్తారని రూమ్మేట్ అంది. రాయలేదు. మేము స్టైల్ కాదు కదా.

నాలుగు నెలల్లో వేలమందికి కనపడిందని చూపించింది. చంకలు గుద్దుకోకండి. నన్ను అడిగింది పదకొండు మంది, కొన్నది ముగ్గురు. ఒకావిడ అమెరికా నుంచి, వ్రతానికి కావాలంట. పంపే ఖర్చు చెప్పేసరికి మళ్ళీ మాట్లాడలేదు. ఒకాయన అడవి ఆకు కొయ్యడం నేరం కాదా అని అడిగేడు. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(సి) పంపించేను, చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించి అమ్ముకునే హక్కు మనకుంది. ఈ సెక్షన్ ఫోన్లో దాచుకోండి, పనికొస్తుంది. ఇంకోటి, 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్, థర్మాకోల్ ప్లేట్లు దేశమంతా నిషేధం. ఆకు ప్లేట్లు వెతికేవాళ్ళు ఉన్నారు, అది నిజం.

మొదటి ఆర్డరు హైదరాబాదుకి, మూడొందల విస్తళ్ళు. ఆర్టీసీ కార్గోలో వేసేం. తడవకూడదని నేనే తెలివిగా ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టేను. ఆకు లోపల ఇంకా చెమ్మ ఉంది. అక్కడ విప్పేసరికి నలభై విస్తళ్ళకి తెల్లబూజు. ఆవిడ ఫోటో పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయేను. డబ్బు వెనక్కి ఇచ్చేను, నా స్కాలర్‌షిప్‌లోంచి. అప్పట్నుంచి ఇంకో రెండెండలు ఎక్కువ ఆరబెట్టి, పాత పేపర్లు చుట్టి అట్టపెట్టెలో పంపుతున్నాం. మంచి మనిషి, ఆవిడే మళ్ళీ రెండొందలు తీసుకుంది.

అసలు గొడవ పెద్ద ఆర్డరుతో వచ్చింది. మాఘమాసం పెళ్ళికి అయిదువేలు కావాలని ఒకరు అడిగేరు, మంచి రేటుకి. హాస్టల్లోంచే సరే అనేసేను. రాత్రి అమ్మకి ఫోన్ చేసేను. మా ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా ఉండదు, అమ్మ స్టేషను దాకా నడిచొచ్చి మాట్లాడుతుంది. అంతా విని, "సెల్లులో ఒప్పీసుకున్నావు. తీగనడిగేవా?" అంది.

నాకు మాట రాలేదు. ఒకే తీగని బోడి చేస్తే అది కోలుకోవడానికి టైము పడుతుంది. లేతాకు కొయ్యకూడదు. ఆ తీగ నారతో మోకులు పేనుతాం, అడ్డపిక్కలు కాల్చుకుని తింటాం. అదంతా నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. తెలిసీ ఫోన్లో నంబరు చూసి మర్చిపోయేను. పైగా అయిదువేలు అమ్మ ఒక్కర్తీ కుట్టడమెలా?

పెళ్ళివాళ్ళకి నిజం చెప్పేను. పదిహేనువందలే ఇవ్వగలం అన్నాను. కోపగించుకుంటారనుకుంటే ఒప్పుకున్నారు, మిగతావి వేరేచోట తీసుకున్నారు. అమ్మతోపాటు మా పిన్ని, పక్కింటి వదిన, ఇంకో ఇద్దరు కుట్టేరు. ఎవరు కుట్టినవి వాళ్ళకి లెక్క. కార్గో, పెట్టెలు పోను ఒక్కో విస్తరికి నాలుగు రూపాయల చిల్లర మిగిలింది. అమ్మ ఆ డబ్బుతో ఇంటి కప్పుకి రెండు రేకులు కొంది. మిగతా కట్టలు ఇప్పటికీ సంత షావుకారుకే వేస్తుంది, వారం వారం చేతిలో డబ్బు పడేది అక్కడే కాబట్టి. నేను వద్దనట్లేదు.

మొన్న చూస్తే అమ్మ చేతుల పిన్నుని ఎవరో 'ఒడిశా చేతిపనులు' అన్న బోర్డులో గుచ్చుకున్నారు. మనకి ఒడిశా వాళ్ళతో గొడవేం లేదు, కొండకి ఆ పక్క కోసేది కూడా మన మనుషులే. కానీ పేరు ముందే రాసేను, టైడా అని కూడా రాసేను, అయినా చదవలేదు. వాళ్ళ పిన్ను కింద కామెంట్ పెట్టేను, ఇది టైడా అడ్డాకు అని. ఇంకా జవాబు రాలేదు.

చీపుర్ల తమ్ముడూ, నువ్వు మొదట మీ చీపురుని ఫోటో తీసి అందులో వెతుకు. ఎవరు ఏ పేరుతో ఎంతకి అమ్ముతున్నారో చూడు. అప్పుడు పెట్టు. దుప్పటి మీద మాత్రం తియ్యకు.

నాకో సాయం కావాలి. అడ్డాకుని మీ ఇంట్లో ఏమంటారు? కువిలో, సవరలో, పోర్జాలో, ఆదివాసీ ఒరియాలో, మీ మామ్మ అనే మాట ఏదైతే అది. కింద రాయండి, ఊరి పేరుతో సహా. సెమిస్టర్ పరీక్షలు అయ్యేక కొత్త పిన్నులు పెడతాను, ఆ పేర్లన్నీ వాటిలో రాస్తాను.