తీన్ మూర్తిలో గుర్రాలేవి?

కీషోను వాగు అనగానే సీసెరా రథములు, ఏలీయా ప్రవక్త మనకు జ్ఞాపకం వస్తారు. అదే వాగు ఒడ్డున, కర్మెలు పర్వతం క్రింద, 1918 సెప్టెంబరు 23న మన దేశపు రౌతులు హైఫా పట్టణం కొరకు పోరాడారని మా కుసుమంచి సంఘంలో చాలామంది ఎరుగరు.

ప్రభువు కృపవలన ఢిల్లీ వెళ్లినప్పుడు మేము తీన్ మూర్తి చూశాము. 1922లో నిలిపిన ఆ ముగ్గురు కంచు సైనికులు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాలకు గుర్తు. 2018 నుండి ఆ కూడలి పేరు తీన్ మూర్తి హైఫా చౌక్. ఆనాటి హైదరాబాదు అంటే నిజాం సంస్థానం, మన కుసుమంచీ అందులోనిదే. మాతో వచ్చిన పెద్దమ్మ మనవడు సైన్యంలో ఉన్నాడు. "అయితే వీళ్లు మనోళ్లేనా?" అని ఆమె మురిసిపోయింది.

ఉన్నమాట చెప్పాలి గదా! హైఫా మీదికి దౌడు తీసినవారు జోధ్‌పూర్, మైసూరు దళాలవారు. హైదరాబాదువారు ఆ పాలస్తీనా యుద్ధంలో ఉన్నారు గాని ఆ దాడిలో లేరు. వాగు దగ్గర ఊబి అడ్డురాగా జోధ్‌పూర్ రౌతులు ఎడమకు తిరిగి, మరతుపాకులకు ఎదురుగా పట్టణంలో చొరబడ్డారు. ఆ రోజు మన దళాలలో చనిపోయిన మనుషులు 8 మంది, గుర్రాలు 60.

పెద్దమ్మ విగ్రహాల చుట్టూ తిరిగి వచ్చి, "మరి గుర్రాలేవి బిడ్డా?" అన్నది. ముగ్గురూ నేలమీదనే నిలబడియున్నారు.

ఆ రాత్రి బసలో కుటుంబ ప్రార్థన. పెద్దమ్మ సరిహద్దులోని మనవడి కొరకు ప్రార్థించి, కాసేపు ఆగి, "ఆ తుర్కీ పిల్లల తల్లులను కూడా, ప్రభువా" అన్నది.